రాజాజీ – తలచినదొకటి, జరిగినదొకటి

ప్రభుత్వం మేలు తలపెట్టి చట్టం చేస్తుంది. దాని ఫలితం ఒక్కోసారి ఎవరూ ఊహించని చోట తేలుతుంది. ఉత్తర్వులు అమలు జరిపిన మన సభ్యులందరికీ ఈ సంగతి అనుభవమే. చక్రవర్తి రాజగోపాలాచారి గారి జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ.

రాజాజీ 1878 డిసెంబరు 10న నాటి సేలం జిల్లా తొరపల్లిలో జన్మించారు. సేలంలో న్యాయవాదిగా పేరు గడించి, గాంధీజీ అనుచరులై, జాతీయోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్ళారు. 1937 జూలైలో మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రి పదవి చేపట్టారు.

ఆ అక్టోబరు 1నే సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రవేశపెట్టారు. మరుసటి ఏడు దానిని మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. పేద కుటుంబాలను నిలబెట్టాలన్నదే ఆయన ఆశయం. అయితే ఆబ్కారీ రాబడి పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. ఆ విధంగా కల్లు ముట్టనివాడు కూడా కొనే సరుకుపై పన్ను భారం మోయవలసి వచ్చింది. తరువాత ఇతర రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. 1971లో తమిళనాడు ప్రభుత్వం మద్యనిషేధాన్ని ఎత్తివేయ సంకల్పించినప్పుడు, 92 ఏళ్ళ రాజాజీ స్వయంగా ముఖ్యమంత్రిని కలిసి వద్దని కోరారు. ఫలితం లేకపోయింది. మద్యం తిరిగి వచ్చింది, దాని కోసం పుట్టిన పన్ను మాత్రం పోలేదు.

1948లో గవర్నర్ జనరల్ అయిన రాజాజీ, 1952లో తిరిగి మదరాసు ముఖ్యమంత్రి అయ్యారు. వెంటనే ఆహారధాన్యాలపై కంట్రోళ్ళు తొలగించారు. 1953లో ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం తెచ్చారు. ఒంటిపూట బడి పెడితే ఉన్న ఉపాధ్యాయులతోనే ఎక్కువ మందికి చదువు చెప్పవచ్చునని, మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకుంటారని ఆయన భావించారు. అది కులవృత్తులను శాశ్వతం చేస్తుందని తీవ్రమైన నిరసన చెలరేగింది. 1954లో ఆయన పదవి వదలుకున్నారు. తరువాత వచ్చిన కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది.

1959లో స్వతంత్ర పార్టీని స్థాపించారు. మన ఆచార్య ఎన్.జి.రంగా గారు దానికి అధ్యక్షులు. పెద్ద పెట్టుబడిదారులను అదుపు చేయడానికి పెట్టిన పర్మిట్లు, లైసెన్సులు, అవి ముందే సంపాదించుకున్న వారికే కంచెగా మారి, కొత్తవారిని, చిన్నవారిని అడ్డుకుంటున్నాయని రాజాజీ వాదించారు. ఉన్న కొద్దిపాటి విదేశీ మారకద్రవ్యాన్ని ముఖ్య పరిశ్రమలకు కేటాయించాలంటే నియంత్రణ తప్పదని ప్రభుత్వపక్షం సమాధానం. మద్యంపై కట్టడి కోరే నాయకుడు వ్యాపారంపై కట్టడి వద్దనడం ఏమిటని ప్రశ్నించినవారూ లేకపోలేదు. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. 1991లో అధిక భాగం పరిశ్రమలకు లైసెన్సు విధానం రద్దయింది.

సంస్కరణ వద్దన్నది ఈ జీవితం నేర్పే పాఠం కాదు. ఉత్తర్వు వెలువడగానే పని పూర్తయిందనుకోరాదు. దాని మంచిచెడ్డలు మొదట కనబడేది ప్రజలకు, ఆపైన కౌంటరు దగ్గర కూర్చున్న గుమాస్తాకు. వారి మాట పైవరకు చేరితే, పొరపాటును సకాలంలో దిద్దుకోవచ్చు.