రాతిపొరలలో ఋతువులు: హెరాల్డ్ యూరీ

హెరాల్డ్ యూరీ 1893లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు, మతబోధకుడు. బాలుడు 6 ఏండ్ల వయస్సులో నుండగానే ఆయన మరణించెను. ఉన్నత పాఠశాల విద్య ముగిసిన పిమ్మట యూరీ 1911 నుండి 3 ఏండ్లు పల్లెటూరి బడులలో పాఠములు చెప్పెను. 1914లో మోంటానా విశ్వవిద్యాలయమున చేరి జంతుశాస్త్రమున పట్టము పొందెను. రసాయనశాస్త్ర మటుపై అభ్యసించి, 1923లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము గడించెను.

ఒకే మూలకపు పరమాణువులలో కొన్ని తేలికగను, కొన్ని బరువుగను ఉండును. వీనినే ఐసోటోపులందురు. 1931లో యూరీ సహచరులతో కలిసి బరువైన ఉదజనిని కనుగొనెను. అందులకు 1934లో నోబెల్ బహుమానము లభించెను.

ఆ విద్యనే యుద్ధము కోరెను. యురేనియం ఐసోటోపులను వేరుచేయు పనికి కొలంబియా విశ్వవిద్యాలయమున ఆయన నాయకత్వము వహించెను. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులకు భస్మమయ్యెను. అణుశక్తిపై సైన్యమునకు పెత్తనము కూడదని యూరీ గట్టిగా వాదించెను. షికాగో చేరి, తన విద్యను వేరొక మార్గమునకు మరల్చెను.

సముద్రజీవి గుల్ల కట్టుకొనునపుడు, నీరు చల్లనగు కొలది ఆ సున్నములో బరువైన ఆమ్లజని కొంచెము హెచ్చుగా చేరునని 1947లో ఆయన గణించి చూపెను. ఒక డిగ్రీ భేదమునకు కలుగు మార్పు 10,000 పాళ్ళలో సుమారు 2 పాళ్ళు మాత్రమే. అంత సూక్ష్మముగా కొలుచు యంత్రమును ఆయన బృందము సిద్ధపరచెను. స్కాట్లండులోని స్కై ద్వీపపు బెలెమ్నైటు అను జలచరపు శిలాజమును పొరపొరగా పరీక్షించి, 1951లో ఫలితములు ప్రకటించిరి. కోట్ల ఏండ్లనాటి ఆ ప్రాణి, బాల్యము గడచిన పిమ్మట 3 వేసవులను, 4 శీతకాలములను చూచి, వసంతమున మరణించెనని తేలెను.

గుహలలో బొట్టుబొట్టుగా రాలు నీటినుండి పేరుకొను సున్నపు స్తంభములను చదువుటకును ఈ విద్యయే ఆధారమయ్యెను. ఋతుపవన దేశములలో అవి ముఖ్యముగా తెలుపునది వేడిమిని కాదు, వానను. వానలు సమృద్ధిగా కురిసిన కాలపు పొరలలో బరువైన ఆమ్లజని తక్కువ. వానలు సన్నగిల్లిన కాలపు పొరలలో ఎక్కువ. రాయలసీమలోని వాల్మీకి గుహయందలి స్తంభమునుండి, సుమారు 15,000 ఏండ్లనాటి వర్షముల తీరును శాస్త్రజ్ఞులు ఈ రీతినే గ్రహించి 2014లో ప్రకటించిరి.

యూరీ 1981లో మరణించెను. ఒకనాడు బాంబుకొరకు ఆయన వేరుచేయబూనిన యురేనియమే, నేడు గుహలలోని రాతిపొరల వయస్సును చెప్పుచున్నది.