ఎర్రదీపం చూపిన దారి

ఫోన్ తెరిస్తే చాలు, ప్రాంక్ వీడియోలే! కెమెరా దాచిపెట్టి జనాన్ని నవ్వించే ఈ ఆటను టీవీకి తెచ్చిన అమెరికన్ అలెన్ ఫంట్. ఆ ఆలోచన అతనికొచ్చింది మాత్రం ఓ చిక్కులోంచి.

ఫంట్ 1914 సెప్టెంబరు 16న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. కార్నెల్ యూనివర్సిటీలో లలితకళలు చదువుతూ, మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ దగ్గర సహాయకుడిగా చేశాడు. మనుషుల్ని ఓపిగ్గా గమనించడం అక్కడే అలవాటైంది. తర్వాత ప్రకటనల రంగంలోకి వెళ్లాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరాడు. సైనికుల కష్టసుఖాలు, సణుగుళ్లు రేడియో కోసం రికార్డు చేయడం అతని పని. అంతసేపూ గలగలా మాట్లాడినవాళ్లు, రికార్డింగ్ మొదలైనట్టు ఎర్రదీపం వెలగ్గానే బిగుసుకుపోయేవారు. ఇంకొకరైతే మళ్లీ చెప్పండంటూ విసుక్కునేవారేమో! ఫంట్ ఆ దీపాన్నే పక్కన పెట్టి, చెప్పకుండా రికార్డు చేశాడు. అసలు మాటలు అప్పుడు బయటికొచ్చాయి.

అదే పద్ధతిలో 1947లో ‘క్యాండిడ్ మైక్రోఫోన్’ రేడియో కార్యక్రమం మొదలుపెట్టాడు. మరుసటేడాది అది టీవీకెక్కి, ‘క్యాండిడ్ కెమెరా’గా మారింది. వెంటనే స్థిరపడిందా అంటే లేదు. చానళ్లు మారింది, ఆగింది, మళ్లీ మొదలైంది. 1960లో సీబీఎస్‌లో వారం వారం రావడం మొదలయ్యాక గానీ ఇంటింటికీ చేరలేదు. అంటే పదేళ్లకు పైగా ఎదురీతే!

ఇంజిన్ లేని కారును వాలులో దొర్లించుకుంటూ మెకానిక్ ముందు ఆపేవారు. బానెట్ ఎత్తిన మెకానిక్ ముఖం చూడాలి! ఇంకోసారి లిఫ్టులో నటులంతా వెనక్కి తిరిగి నిలబడితే, మధ్యలో ఉన్న మనిషి కూడా మెల్లగా అటే తిరిగాడు. నలుగురితో పాటు మనమూ ఎలా నడిచిపోతామో చెప్పడానికి ఈ దృశ్యాన్ని సైకాలజీ పాఠాల్లో చూపిస్తుంటారు.

తొలి రోజుల్లో ఇది క్రూరమన్న విమర్శలూ వచ్చాయి. రానురాను ఎదుటివారిని ఏడిపించడం కన్నా, వాళ్ల సహజత్వాన్ని పట్టుకోవడంపైనే ఫంట్ దృష్టి పెట్టాడు. చివర్లో అసలు విషయం చెప్పి, సంతకం తీసుకునే ప్రసారం చేసేవారు.

ఆ పేరే ఓసారి ఎదురు తిరిగింది. 1969లో కుటుంబంతో మయామీకి వెళ్తుండగా విమానాన్ని క్యూబాకు హైజాక్ చేశారు. ఫంట్‌ను గుర్తుపట్టిన ప్రయాణికులు ఇదీ అతని ఆటేననుకుని నవ్వుకున్నారు. నిజమని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు! విమానం హవానాలో దిగింది.

కొన్నేళ్లకు సొంత అకౌంటెంటే డబ్బు కాజేయడంతో, ఇష్టంగా సేకరించుకున్న ఆల్మా-టాడెమా చిత్రాలను 1973లో అమ్ముకోవాల్సి వచ్చింది. అయినా కుంగిపోలేదు. జబ్బుతో ఉన్న రచయిత నార్మన్ కజిన్స్‌కు తన కార్యక్రమం ఊరటనిచ్చిందని తెలిశాక, రోగులకు నవ్వించే వీడియోలు పంపే సంస్థ పెట్టాడు. 1993లో పక్షవాతం వచ్చింది. కొడుకు పీటర్ పని అందుకున్నాడు. 1999 సెప్టెంబరు 5న కాలిఫోర్నియాలో ఫంట్ కన్నుమూశాడు.

మీ పనికీ ఏదో ఒక ఎర్రదీపం అడ్డుపడుతూనే ఉంటుంది. తిట్టుకునే ముందు దాన్ని ఒక్కసారి నిదానంగా గమనించండి. అన్నట్టు, ప్రాంక్ చేయాలనుకుంటే ఆ సంతకం సంగతి మాత్రం మరవొద్దు!