షాపూర్ కోట, సర్వాయి పాపన్న

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ ఊరిపేరులోనే కోట ఉంది. ఆ రాతికోట సర్వాయి పాపన్నది. అది ఎలా చేజారిందో మన పిల్లలకు కూడా తెలియాలి.

పాపన్న కల్లుగీత కుటుంబంలో పుట్టాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచినా దక్కనులో యుద్ధం ఆగలేదు. ఆ అలజడిలో పాపన్న కులవృత్తి వదిలి, మనుషులను కూడగట్టి, తాటికొండ మీద కోట కట్టాడు. వరంగల్లు, హైదరాబాదు దారిలో వర్తకులను దోచాడు. ఆ తర్వాత షాపూర్‌లో స్థిరపడ్డాడు. మొగలు సేన రెండు నెలలు ముట్టడించి ఆ కోటను పడగొడితే, తిరిగివచ్చి రాతితో మళ్లీ కట్టాడు.

1707లో ఔరంగజేబు మరణించాడు. మరుసటి ఏడాది మొహర్రం రోజుల్లో పాపన్న వరంగల్లు మీద పడ్డాడు. అపార ధనంతోపాటు వేలమందిని, స్త్రీలను, పిల్లలను సైతం, చెరపట్టి షాపూర్‌కు తెచ్చాడు. 1709 జనవరిలో హైదరాబాదుకు వచ్చిన బహదూర్ షాకు 14 లక్షల రూపాయలు కానుకగా ఇచ్చి గౌరవ వస్త్రం పొందాడు. కాని చెరలో ఉన్నవారి బంధువులు చక్రవర్తి దగ్గర మొరపెట్టుకున్నారు. పాపన్నను పట్టుకొమ్మని ఆజ్ఞ వెలువడింది.

షాపూర్ చెరలో పాపన్న భార్య సోదరుడు కూడా ఉన్నాడు. అతడు మొగలుల ఫౌజుదారు. పాపన్న మరో కోట ముట్టడికి వెళ్లినప్పుడు ఆమె అన్నంలో ఆకురాళ్లు దాచి తమ్మునికి పంపింది. ఖైదీలు సంకెళ్లు కోసుకొని కోటను వశం చేసుకున్నారు. తిరిగివచ్చిన పాపన్నపై అతని ఫిరంగులే పేలాయి.

అతడు తాటికొండకు తప్పుకున్నాడు. మొగలు సేన నెలల తరబడి చుట్టుముట్టింది. లోపల తిండి, మందుగుండు తరిగిపోయాయి. బయటికి వచ్చిన సైనికులకు రెట్టింపు జీతమిస్తామని చాటించగా చాలామంది వెళ్లిపోయారు. 1710లో పాపన్న మారువేషంలో తప్పించుకున్నా, ఒక కల్లు దుకాణం దగ్గర గుర్తుపట్టి పట్టించారు. అతనికి మరణశిక్ష పడింది.

ఆనాటి పారశీక చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ అతణ్ణి దొంగగా రాశాడు. జానపద గాయకులు పేదల వీరుడిగా పాడుకున్నారు. నవాబులను, దొరలను ఎదిరించిన సామాన్యుడు కనుక ఆ పాట నిలిచింది. ఏటా ఆగస్టు 18న జయంతి జరుపుతున్నారు. పిల్లలకు అతని ధైర్యం చెబుదాం. ఆ గోడల వెనుక చెరలో ఏడ్చిన తల్లులను, బిడ్డలను కూడా మరువకుండా చెబుదాం.