చిన్నయసూరి – చువర్ణం

తెలుగు విద్యార్థి వ్యాకరణమన్న మాట వినగానే మొదట తలచుకొనే పేరు పరవస్తు చిన్నయసూరి. అతడు వృత్తిచేత బడిపంతులు. బాలురకోసం వ్రాసిన ఒక్క గ్రంథంతో తరతరాల తెలుగు పండితులకు శాసనకర్త అయినాడు. ఆ శాసనం ఎంత సూక్ష్మమైనదో, దాని పొలిమేర ఎక్కడ ముగుస్తుందో తెలుసుకొనడానికి అందులోని ఒక చిన్న ప్రత్యయం చాలును. అది ఒక పని చేస్తూ ఉండగానే మరొక పని సాగడాన్ని తెలిపే ‘చు’ అనే వర్ణం.

సూరి పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకంలో, చెంగల్పట్టు ప్రాంతపు శ్రీపెరుంబుదూరులో జన్మించాడు. భగవద్రామానుజులు పుట్టిన వూరు అది. సాతాని వైష్ణవ కుటుంబం. ఇంట సంస్కృతం, వీధిలో అరవం, నోట తెలుగు. మూడు భాషల నడుమ పెరిగిన పిల్లవానికి ఒక భాష నడక మరొక భాష నడకతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చిన్ననాడే చెవికి పట్టుబడి ఉంటుంది.

మద్రాసులో పచ్చయప్ప పాఠశాలలో కొంతకాలం పనిచేసి, తరువాత ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడైనాడు. ఆ పాఠశాలే 1855లో ప్రెసిడెన్సీ కళాశాల అయినది. అర్బత్‌నాట్ అనే ఆంగ్ల అధికారి సూరి పాండిత్యాన్ని గుర్తించి ఆదరించాడు. ఆనాటికి తెలుగుకు వ్యాకరణాలు లేకపోలేదు. కేతన పదమూడవ శతాబ్దిలోనే పద్యాలలో ఆంధ్రభాషాభూషణం రచించాడు. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతంలో ఉన్నది. కాంబెల్ 1816లోను, బ్రౌన్ 1840లోను రచించిన వ్యాకరణాలు ఇంగ్లీషులో ఉన్నవి. బల్లమీద కూర్చున్న తెలుగు బాలునికి తెలుగు వచనంలో తెలుగు లక్షణం చెప్పే గ్రంథమే కావలసి వచ్చింది. సూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించి చదువుకొనదగిన వచనాన్ని ముందు ఇచ్చాడు. 1858లో బాలవ్యాకరణాన్ని ప్రకటించి ఆ వచనానికి ఆధారమైన లక్షణాన్ని ఇచ్చాడు. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకం వరకు పది పరిచ్ఛేదాలలో భాషనంతటినీ సూత్రబద్ధం చేశాడు.

తెలుగు వాక్యానికి ప్రాణం అసమాపక క్రియ. సంస్కృతంలో పాణిని చెప్పిన శతృ ప్రత్యయాన్ని మనసులో ఉంచుకొని, తెలుగులో ఆ అర్థాన్నిచ్చే క్రియారూపానికి సూరి శత్రర్థకమని వ్యవహరించాడు. ‘వండి’ అంటే వంట ముగిసింది, అది క్త్వార్థకం. ‘వండుచు’ అంటే వంట ఇంకా సాగుతున్నది, అది శత్రర్థకం. ‘వండి పాడెను’ అన్నప్పుడు రెండు పనులు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. ‘వండుచు పాడెను’ అన్నప్పుడు ఒకదాని ప్రక్కన ఒకటి నడుస్తాయి. ఈ భేదమంతా ధాతువు తరువాత వచ్చిన ఒక్క వర్ణం మీద ఆధారపడి ఉన్నది. వర్తమాన క్రియకు కూడ ఇదే పునాది: వండుచు, ఉన్నాడు అనే రెండింటి కలయికే వండుచున్నాడు. ఈ చువర్ణం ‘ఉన్నది’తో కలిసేటప్పుడు సంధి వైకల్పికమని చెప్పి, ‘వచ్చుచున్నది’ అనే రూపంతోపాటు ‘వచ్చుచు నున్నది’ అనే రూపానికి కూడ సూరి చోటిచ్చాడు. ఇంత చిన్న అతుకును కూడ అతడు విడిచిపెట్టలేదు.

ఈ రూపానికి ఒక కట్టుబాటు ఉన్నది. రెండు పనులకూ కర్త ఒక్కరే కావలెను. తల్లి వండుచు పాడవచ్చును; తల్లి వంట చేస్తుంటే బిడ్డ ఏడిచినప్పుడు మాత్రం ‘తల్లి వండుచు బిడ్డ ఏడ్చెను’ అనరాదు. ‘తల్లి వండుచుండగా బిడ్డ ఏడ్చెను’ అనవలెను. ఈ వివేకం తెలుగుకే పరిమితం కాదు. దూరాన ఉన్న కొరియా భాషలో కూడ క్రియకు ‘మ్యొన్‌సొ’ అనే ప్రత్యయం చేర్చి రెండు పనులు ఏకకాలంలో జరిగినట్లు చెప్పేటప్పుడు ఆ రెండింటికీ కర్త ఒక్కడే కావలెను. కర్తలు వేరైనచోట ఆ భాష కూడ మరొక మార్గం వెదకుకొంటుంది.

సూరి సూత్రానికి సజీవమైన ఉదాహరణ అతనికి నాలుగు వందల ఏండ్లకు ముందే పుట్టింది. నేటి జనగామ జిల్లాలోని బమ్మెర పోతనామాత్యుని స్వగ్రామమని ప్రసిద్ధి. అతని భాగవతంలో ప్రహ్లాదుని వర్ణించే పద్యం తెలియని తెలుగు ఉపాధ్యాయుడు ఉండడు. ఆ బాలుడు దప్పిక తీర్చుకొంటూ, అన్నం తింటూ, మాటలాడుతూ, నవ్వుతూ, తిరుగుతూ ఉంటాడు. దేహం చేసే ఈ పనులన్నిటినీ పోతన చువర్ణంతోనే ముగించాడు. అన్నిటి చివర సమాపక క్రియ ఒక్కటే: హరిచింతనలో అతడు ఈ లోకాన్నే మరచిపోయినాడు. శత్రర్థకాలన్నీ ఆ ఒక్క క్రియకు లొంగి నడుస్తాయి. భక్తుని లక్షణం, వాక్యలక్షణం అక్కడ ఒకటైనవి.

అయితే ఆ బమ్మెర చుట్టుప్రక్కల జనం నోట నేడు వినిపించే రూపం మరొకటి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో ‘నవ్వుతూ వచ్చినాడు’ అనేచోట ‘నవ్వుకుంట వచ్చిండు’ అంటారు. కోస్తావారి ‘కొంటూ’ తనకోసం చేసుకొనే పనిని తరచుగా సూచిస్తుంది. ఇక్కడి ‘కుంట’ ఆ నియమాన్ని దాటి, వానలో తడిసేవానికి కూడ అన్వయిస్తుంది: ‘తడుసుకుంట పోయిండు’. ఇది అపభ్రంశమని తోచవచ్చును. కాని కొనుచు, కొంటు, కుంట అని వరుసగా చదివితే సూరి చెప్పిన శత్రర్థకమే అందులో దాగి ఉన్నట్లు కనబడుతుంది. కట్టుబాటు కూడ చెడలేదు. కర్తలు వేరైనప్పుడు ఈ పల్లెలవారు ‘కుంట’ అనరు. ‘అమ్మ వండుతుంటే పిల్లగాడు ఏడ్చిండు’ అంటారు. సూత్రం చదవని నోరు సూత్రాన్ని తప్పలేదు.

సూరి 1860ల తొలి సంవత్సరాలలోనే మరణించాడు. తలపెట్టిన నిఘంటువు పూర్తికాలేదు. బాలవ్యాకరణం విడిచిన అంశాలను బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణంలో పూరించాడు. పిల్లలకు చేయూతగా పుట్టిన గ్రంథం క్రమంగా పెద్దల చేతిలో బెత్తమైనది. అందులో లేని రూపం తప్పన్నారు. గిడుగు రామమూర్తి (1863–1940) ఆ బెత్తాన్ని ఎదిరించి వాడుకభాషకు బడిలో చోటు కోరాడు. కాని అప్పుడు నిలిచిన వాడుక కూడ అన్ని ప్రాంతాలదీ కాలేదు. ‘చు’ పోయి ‘తూ’ వచ్చింది. ‘కుంట’ గుమ్మం దగ్గరే ఆగింది. జనగామ బాలుడు ‘ఉరుక్కుంట వచ్చిండు’ అని వ్రాస్తే ఎర్రసిరా గీత పడడం అరుదు కాదు.

ఆ గీతకు సూరిని బాధ్యుని చేయడం న్యాయం కాదు. అతని సూత్రాలలో తరచుగా కనబడే మాట బహుళమన్నది. నియమం ఒకచోట ప్రవర్తిస్తుంది, ఒకచోట ప్రవర్తించదు, ఒకచోట వికల్పిస్తుంది, మరొకచోట వేరొక రూపం వస్తుందని దాని తాత్పర్యం. ప్రాచీన కవుల ప్రయోగం తన సూత్రానికి లొంగనిచోట అతడు ప్రయోగాన్ని గెంటివేయక తలుపు తెరచి ఉంచాడు. కావ్యానికి అతడు చూపిన ఆ మర్యాదను పల్లెబిడ్డ పలుకుకు చూపడం నేటి ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది.