నిత్యాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

ఆంధ్రదేశమున అపరాన్నపూర్ణయని ప్రసిద్ధి వహించిన డొక్కా సీతమ్మగారు రాజ్యముల నేలినవారు కారు, గ్రంథముల రచించినవారు కారు. ఆకొన్నవానికి వేళ చూడక అన్నము పెట్టుటయే వారు జీవితకాలమంతయు చేసిన పని. అందుచేతనే వారి నామము గోదావరీ తీరమున నేటికిని ఇంటింట వినబడుచున్నది.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున గోదావరీ ప్రాంతమందలి మండపేటలో జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుచుండుటచే తండ్రిగారిని గ్రామస్థులు బువ్వన్నయని పిలిచెడివారు. బాల్యముననే తల్లి గతింపగా గృహభారము సీతమ్మగారిపై బడెను. పాఠశాల కేగు భాగ్యము లేకున్నను అతిథిసేవయను విద్య వారికి పుట్టినింటనే అబ్బెను. లంకల గన్నవర నివాసియు సంపన్న కృషీవలుడును అగు డొక్కా జోగన్నగారు ప్రయాణవశమున ఆ యింట అతిథియై, ఆ కన్యక చూపిన యాదరమునకు సంతసించి, ఆమెను వివాహమాడిరని పెద్దలు చెప్పుదురు.

లంకల గన్నవరము గోదావరి పాయయగు వైనతేయ తీరమున నున్నది. కోనసీమకు రాకపోకలు చేయువారు రేవులలో పడవకై వేచి, ఆవలి యొడ్డు చేరి, కాలినడకను పోవలసిన దినములవి. చేత సొమ్ము లేని బాటసారికి పూటకూటి యిల్లున్నను లేనట్లే. వరద వచ్చినచో లంకవాసులకు పొయ్యి రాజుటయే దుర్లభము. పచ్చని పైరుల నడుమనే ఆకలి యుండెను. ధాన్యము పండనందున గాదు. పండినది వేళకు ఆకొన్నవాని విస్తరికి చేరనందున. ఆ దంపతులు ఈ లోపమును తమ శక్తికొలది పూరించిరి. వచ్చినవాని కుల మడుగలేదు. అకాలమున వచ్చినవారికై మరల పొయ్యి రాజవేసిరి.

ఒకప్పుడు సీతమ్మగారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, మార్గమధ్యమున విశ్రమించిరట. అచట ఆకలిచే అలమటించు పిల్లలను, కొంతదూర మోర్చినచో గన్నవరమున సీతమ్మగారి యిల్లు వచ్చునని పెద్దలు ఓదార్చుట వారి చెవిని బడెను. తోడనే వారు యాత్ర మాని, ఇల్లు చేరి, ఆ వచ్చువారికై వంట సిద్ధపరచిరని ప్రతీతి. దైవదర్శనము మరియొకనాడు లభించును; ఆకలి మరునాటివరకు ఆగదని ఆ సాధ్వి యెరిగిరి.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి కాలమున (1901–1910) వారిని రాజోత్సవమునకు ఆహ్వానింపగా, అతిథులను విడిచి రాజాల నని నిరాకరించిరనియు, అంతట అధికారులు వారి ఛాయాచిత్రమును గైకొని పోయిరనియు చెప్పుదురు. 1909వ సంవత్సరమున సీతమ్మగారు పరమపదించిరి. వైనతేయపై నిర్మించిన నూతన అక్విడక్టునకు వారి పేరు పెట్టబడినది. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును వారి పేరే యుంచినది.

తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి అన్నమును నిందింపరాదనియు, త్రోసివేయరాదనియు, వృద్ధిచేయవలయుననియు విధించుచున్నది. మనము విధిని వల్లించి ఆచారమును మరచితిమి. ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున లోకమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమయ్యెను; అందు సగమునకు పైగా గృహములలోనిదే. మన వివాహములలో, సమావేశములలో అడుగకయే వడ్డించి, తినకయే విస్తరి మడచుట మర్యాదయని తలచుచున్నాము. అది అన్నదానము గాదు, అన్నద్రోహము.

కావున సంఘబంధువులకు, పోషకులకు నాదొక విన్నపము. రాదగినవారి నెంచి వండింపుడు. కొంచెము కొంచెముగా వడ్డించి, అడిగినకొలది మారు వడ్డింపుడు. మిగిలినది చెడకమున్నే ఆకొన్నవారికి చేర్చుటకు ఇద్దరు యువకులను ముందుగానే నియమింపుడు. సీతమ్మగారి పటమునకు పూలమాల వేయుటకన్న, ఈ మహాసభ పంక్తిలో ఒక్క విస్తరియైనను అన్నముతో పారవేయబడకుండ జూచుటయే ఆ మహాసాధ్వికి తగిన పూజ.