బెల్డింగ్ స్క్రిబ్నర్

బెల్డింగ్ హిబ్బర్డ్ స్క్రిబ్నర్ (జనవరి 18, 1921 - జూన్ 19, 2003) ప్రముఖ అమెరికన్ మూత్రపిండ వైద్యుడు. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారికి సంవత్సరాల తరబడి డయాలిసిస్ (యంత్రం ద్వారా రక్తశుద్ధి) చేయడానికి వీలు కల్పించిన షంటును ఈయన రూపొందించాడు. రోగికి, కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి ఇంటివద్దనే డయాలిసిస్ చేసుకొనే పద్ధతికి బాట వేసినవారిలో ఈయన ముఖ్యుడు.

జననం, విద్య

స్క్రిబ్నర్ షికాగో నగరంలో జన్మించాడు. 1945లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. మేయో క్లినిక్‌లో ఉన్నత శిక్షణ పూర్తిచేసి, 1951లో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

షంటు

నెదర్లాండ్స్‌లో విలెం కాఫ్ 1940వ దశకంలో డయాలిసిస్ యంత్రాన్ని నిర్మించాడు. అయితే ప్రతిసారీ కొత్తగా ఒక ధమనిని, ఒక సిరను కోసి గొట్టాలు అమర్చవలసి వచ్చేది. కొద్ది సార్లకే రక్తనాళాలు పనికిరాకుండా పోయేవి. అందువలన తాత్కాలికంగా మూత్రపిండాలు దెబ్బతిన్నవారికే ఈ చికిత్స ఉపయోగపడేది. కొంత కోలుకున్న ఒక రోగిని చికిత్స కొనసాగించలేక ఇంటికి పంపవలసి రావడం స్క్రిబ్నర్‌ను కలచివేసింది. ధమనిని, సిరను కలుపుతూ చేతిపై శాశ్వతంగా ఉండే గొట్టం అమర్చాలన్న ఆలోచన ఆయనకు అప్పుడే కలిగింది. వంటపాత్రలు అడుగంటకుండా పూసే టెఫ్లాన్ పదార్థంతో వేన్ క్వింటన్ ఆ గొట్టాన్ని తయారుచేశాడు. 1960 మార్చి 9న బోయింగ్ ఉద్యోగి క్లైడ్ షీల్డ్స్‌కు దీనిని అమర్చారు. ఆయన 1971 వరకు జీవించాడు. 1966లో ఫిస్ట్యులా పద్ధతి వచ్చిన తరువాత షంటు వాడకం క్రమంగా తగ్గిపోయింది.

ఎంపిక సంఘం

1962లో సియాటిల్‌లో ఆసుపత్రిలో చేరకుండానే డయాలిసిస్ చేయించుకొనే కేంద్రం ప్రారంభమైంది. పడకలు కొన్నే, రోగులు అనేకులు. ఎవరికి చికిత్స ఇవ్వాలో నిర్ణయించడానికి ఏడుగురితో ఒక సంఘం ఏర్పడింది. రోగి వయస్సు, ఆదాయం, సంతానం, నడవడి వంటివి ఈ సంఘం పరిశీలించేది. ఎంపిక కానివారికి మరణమే గతి. ఈ సంగతి పత్రికలలో వెలువడి తీవ్ర చర్చకు దారితీసింది.

ఇంటివద్ద డయాలిసిస్

1964లో ఒక హైస్కూలు విద్యార్థినికి ఆ కేంద్రంలో చోటు దొరకలేదు. ఆల్బర్ట్ బాబ్ నాయకత్వంలోని ఇంజనీర్లు కొద్ది నెలలలోనే ఇంటిలో వాడదగిన యంత్రాన్ని నిర్మించారు. ఆమె తల్లికి దానిని నడపడం నేర్పారు. అదే కాలంలో బోస్టన్, లండన్ నగరాలలోను ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. ఆ సంవత్సరమే మద్రాసుకు చెందిన ఒక వ్యాపారవేత్తకు కూడా స్క్రిబ్నర్ బృందం ఇంటిలో డయాలిసిస్ ఏర్పాటు చేసింది.

ఈ పద్ధతికి శిక్షణే ప్రాణం. చేతులు శుభ్రపరచుకోవడం, గొట్టాల కొనలను తాకకుండా కలపడం, డయాలిసిస్‌కు ముందు, తరువాత బరువు, రక్తపోటు చూసి వ్రాసుకోవడం నేర్పుతారు. గొట్టంలో గాలి చేరినా, రక్తం కారినా వెంటనే యంత్రాన్ని ఆపి క్లాంపు బిగించడం కూడా అభ్యాసం చేయిస్తారు. 1970వ దశకం ఆరంభానికి అమెరికాలోని డయాలిసిస్ రోగులలో సుమారు 40 శాతం మంది ఇంటివద్దనే చికిత్స పొందేవారు. 1973లో ప్రభుత్వమే ఖర్చు భరించసాగిన తరువాత కేంద్రాలు పెరిగి ఈ నిష్పత్తి తగ్గింది.

గోదావరి డెల్టాలో ప్రాధాన్యత

వారానికి రెండు, మూడు సార్లు రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాలకు వెళ్ళడం లంక గ్రామాల రోగులకు భారం. గోదావరికి వరద వచ్చి రేవులు దాటలేనపుడు ఒక్కసారి చికిత్స తప్పినా ప్రాణాపాయం కలుగవచ్చు. కడుపులో అమర్చిన గొట్టం ద్వారా ద్రవాన్ని మార్చుకొనే పెరిటోనియల్ డయాలిసిస్ యంత్రం లేకుండా కూడా ఇంటివద్ద చేసుకోవచ్చు. ఇందుకు ఉపయోగించే గొట్టాన్ని 1968లో సియాటిల్‌లోనే హెన్రీ టెంకాఫ్ రూపొందించాడు. ఇందులోనూ పరిశుభ్రత తప్పితే కడుపులో ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. కనుక శిక్షణ లేకుండా ప్రారంభించరాదు.

పురస్కారం, మరణం

2002లో స్క్రిబ్నర్, కాఫ్‌లకు సంయుక్తంగా లాస్కర్ పురస్కారం లభించింది. మరుసటి సంవత్సరం జూన్ 19న సియాటిల్‌లో తాను నివసించే పడవ ఇంటివద్ద నీటిలో పడి స్క్రిబ్నర్ మరణించాడు.