వెన్ను విరిగినవారికి వెన్నుదన్ను

తలకూ మొండేనికీ నడుమనున్న జానెడు చోటు మెడ. అభిమానవంతుడు మెడ నిక్కించి నడుస్తాడనీ, సంసారి బరువైన కాడిని మెడమీద మోస్తాడనీ మన పెద్దలు చెప్పుకొంటూ వచ్చినారు. ఆ మాటలలో లోకానుభవమే కాక శరీరశాస్త్రం కూడా కొంత ఇమిడి ఉన్నది. మనిషి మెడలో ఏడు పూసలు కలవు. ఎలుకకూ ఏడే, అంత పొడవు మెడగల జిరాఫీకీ ఏడే. ఉంగరం వంటి మొదటి పూసకు శాస్త్రజ్ఞులు అట్లాస్ అని పేరు పెట్టినారు. అట్లాస్ ఆకాశాన్ని భుజాలపై మోసినట్లు గ్రీకు పురాణాలు వర్ణించే వీరుడు. ఆ పూస మోసేది నాలుగైదు కిలోల బరువుగల తలను. ఔనని తల ఊపినప్పుడు కదలిక ముఖ్యంగా ఈ పూసమీద జరుగుతుంది. కాదని తల త్రిప్పినప్పుడు ఈ ఉంగరం రెండవ పూసనుండి పైకి లేచిన పంటివంటి మొలక చుట్టూ తిరుగుతుంది.

ఈ పూసల నడిమి సొరంగంలో చిటికెన వ్రేలంత లావున వెన్నుపాము దిగుతుంది. మెదడు పంపే ఆజ్ఞలకూ, శరీరం పంపే వార్తలకూ అదే రాజమార్గం. మెడలో దానినుండి ఎనిమిది జతల నాడులు వెలువడుతాయి. విరిగిన పూస కొన్ని నెలలలో అతుక్కొంటుంది గాని, తెగిన వెన్నుపాము మరల అతుకదు. అందుచేత దెబ్బ ఎంత ఎత్తున తగిలినదన్నదే మనిషి తలరాతను నిర్ణయిస్తుంది. మూడవ పూసకు పైన పాము తెగితే ఊపిరి ఆడించే ఉదరవితానానికే ఆజ్ఞ అందదు. ఐదవ నాడి మిగిలితే మోచేయి ముడుచుకొంటుంది. ఆరవది మిగిలితే మణికట్టు పైకి లేస్తుంది. ఏడవది మిగిలితే మోచేయి చాచుకొంటుంది. ఎనిమిదవది మిగిలితే వ్రేళ్లు పిడికిలి పట్టగలవు. తన అన్నం తాను తినగలవాడికీ, ఇతరులు తినిపించవలసినవాడికీ నడుమ తేడా ఒక్క పూస ఎత్తు మాత్రమే.

సుమారు 3,600 సంవత్సరాల క్రిందట వ్రాయబడిన ఒక ఈజిప్టు వైద్యగ్రంథంలో మెడపూస తొలగి కాలుసేతులు చచ్చుబడినవాని ప్రస్తావన కలదు. అది చికిత్సకు లొంగని వ్యాధి అని ఆ వైద్యుడు తేల్చివేసినాడు. ఇరవయ్యవ శతాబ్దం నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ తీర్పు పెద్దగా మారలేదు. దానిని తిరస్కరించి, ఆసుపత్రి మూలలో మరణానికి ఎదురుచూసే మనుష్యులను తిరిగి లోకంలోకి నడిపించినవారిలో అగ్రగణ్యుడు డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్.

గుట్‌మన్ 1899 జూలై 3వ తేదీన, నాటి జర్మనీలోని ఎగువ సైలీషియాలో తోస్ట్ అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించినాడు. ఆ ఊరు నేడు పోలండులో ఉన్నది. ఆయన బాల్యం బొగ్గుగనులకు నెలవైన కోనిగ్స్‌హ్యూట్‌లో గడిచినది. 1917లో, ప్రథమ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులలో, ఆ ఊరి ఆసుపత్రిలో ఆయన స్వచ్ఛంద సేవకుడుగా చేరినాడు. ఒకనాడు వెన్ను విరిగిన గని కార్మికుని ఒకనిని అక్కడకు తెచ్చినారు. మనిషి యువకుడు, దృఢకాయుడు. నడుము క్రింద చలనం లేదు. గుట్‌మన్ ఆ రోగి వివరాలు శ్రద్ధగా వ్రాసుకోబోగా, అంత శ్రమ అనవసరమనీ, ఆ మనిషి కొద్ది వారాలలో పోతాడనీ పెద్దవైద్యుడు చెప్పినాడు. చెప్పినట్లే ఐదు వారాలలో ఆ కార్మికుడు మరణించినాడు. కాని అతనిని చంపినది విరిగిన ఎముక కాదు. పడక పుండ్లనుండీ, మూత్రాశయంనుండీ రక్తంలోకి ప్రాకిన చీము. ఆ దృశ్యం పద్దెనిమిదేండ్ల యువకుని మనస్సులో చెరగని ముద్ర వేసినది.

ఆ తరువాత ఆయన వైద్యవిద్య అభ్యసించి, 1924లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంనుండి పట్టం పొందినాడు. బ్రెస్లౌ నగరంలో నాడీశాస్త్రవేత్తగా ఐరోపా అంతటా పేరొందిన ఓట్‌ఫ్రిడ్ ఫోయర్‌స్టర్ వద్ద శిష్యరికం చేసినాడు. చర్మంలో ఏ భాగానికి ఏ నాడి స్పర్శజ్ఞానం ఇస్తుందో పటం గీసి చూపినవాడు ఆ గురువు. చెమటపట్టిన చోట రంగు మారే పొడిని చల్లి, నాడులు దెబ్బతిన్న మేరను పసికట్టే పరీక్షను శిష్యుడు రూపొందించినాడు.

1933లో హిట్లరు ప్రభుత్వం యూదులను ప్రభుత్వ పదవులనుండి తొలగించినది. గుట్‌మన్ తన ఉద్యోగం కోల్పోయి, బ్రెస్లౌలోని యూదుల ఆసుపత్రిలో చేరినాడు; 1937లో దానికి అధిపతి అయినాడు. 1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనాలయాలు దగ్ధమైనవి. ఆ రాత్రి ఆసుపత్రి తలుపు తట్టిన ఎవ్వరినైనా ప్రశ్నలు వేయక చేర్చుకోవలసినదని ఆయన తన సిబ్బందిని ఆదేశించినాడు. అట్లు చేరినవారు 64 మంది. మరునాడు రహస్య పోలీసులు వచ్చి లెక్క అడిగినారు. గుట్‌మన్ ఒక్కొక్క మంచం వద్దా నిలిచి, ఒక్కొక్కనికి ఒక్కొక్క రోగం అంటగట్టి చెప్పినాడు. ఆ విధంగా 60 మంది నిర్బంధ శిబిరాల పాలు కాకుండా తప్పించుకొన్నారు. కొద్ది రోజులకు పోర్చుగల్‌లో ఒక రోగిని చూచి రమ్మని ఆ ప్రభుత్వమే ఆయనకు ప్రయాణపు అనుమతి ఇచ్చినది. తిరుగుదారిలో ఆయన లండన్‌లో ఆగినాడు. వలస పండితులకు సాయపడే సంఘంవారు ఆశ్రయానికి ఏర్పాటు చేసినారు. 1939 మార్చిలో భార్యతో, ఇద్దరు బిడ్డలతో ఆయన ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డులో పరిశోధన సాగించినాడు.

రెండవ యుద్ధం ముదిరినది. ఐరోపా తీరంపై దండెత్తే నాటికి వెన్ను విరిగిన సైనికులు వందలుగా రాగలరని బ్రిటిషు ప్రభుత్వం ఊహించినది. వారికొరకు బకింగ్‌హామ్‌షైర్‌లో, ఐల్స్‌బరీ సమీపాన, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఒక ప్రత్యేక విభాగం తెరవదలచి, దాని భారం గుట్‌మన్‌కు అప్పగించినది. తన పద్ధతిలో ఎవరూ చేయి పెట్టరాదన్న నిబంధనతో ఆయన అంగీకరించినాడు. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఆ విభాగం ప్రారంభమైనది. అటువంటి పనిలో జీవితం వృథా చేసుకొంటున్నాడని తోటి వైద్యులు కొందరు జాలిపడినారు.

ఆయన మొదట పోరినది పుండ్లతో. ఎముక కదలకుండా ఉండుటకై నాడు రోగులను గట్టి సున్నపుకట్టులో బిగించి పంపేవారు. స్పర్శ తెలియని చర్మం ఆ కట్టు క్రింద నలిగి కుళ్లిపోయేది. గుట్‌మన్ ఆ కట్లను విప్పించినాడు. దిండ్లమీద పరుండబెట్టి, రేయింబవళ్లు రెండేసి గంటలకు ఒకసారి రోగిని ప్రక్కకు త్రిప్పవలెనని శాసించినాడు. ఆజ్ఞ అమలవుతున్నదో లేదో చూచుటకు అర్ధరాత్రివేళ తానే వార్డులలో తిరిగేవాడు. ఆయన ముక్కోపి, మాటకు ఎదురు చెప్పనిచ్చేవాడు కాడు. నర్సులు ఆయన అడుగుల చప్పుడుకే ఉలికిపడేవారు. రోగులు మాత్రం చనువుతో ఆయనను నాన్న అని పిలిచేవారు. మూత్రం నిలిచిపోకుండా, చీము పట్టకుండా, శుద్ధమైన గొట్టంతో నిర్ణీత వేళలలో తీసే పనిని ఆయన వైద్యులే స్వయంగా చేయవలెనని పట్టుబట్టినాడు. వెన్ను పైభాగాన దెబ్బ తిన్నవారిలో మూత్రాశయం నిండినప్పుడు రక్తపు పోటు హఠాత్తుగా పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చునని 1947లో ఆయన, ఆయన సహచరుడు విట్టరిడ్జ్ కలిసి ప్రకటించిన పరిశోధన నేటికీ వైద్యులకు దారిదీపం.

మెడ విరిగినవారి విషయంలో ఆయన జాగ్రత్త మరింత సూక్ష్మమైనది. తొందరపడి కత్తి పట్టుటను ఆయన వ్యతిరేకించినాడు. దిండ్ల అమరికతోనే, అవసరమైతే కపాలానికి బరువు కట్టి లాగుటతోనే, తొలగిన పూసలను యథాస్థానానికి తేవచ్చునని నమ్మినాడు. ఈ విషయంలో తరువాతి తరంవారు అందరూ ఆయనను అనుసరించలేదు. శస్త్రచికిత్స నిరపాయకరమైన కొలదీ దానికి ప్రాధాన్యం పెరిగినది. కాని రోగిని త్రిప్పునప్పుడు ఒకరు తలను పట్టి, మిగిలినవారు మొండెమూ కాళ్లూ పట్టి, దుంగను దొర్లించినట్లు ఒక్కమారుగా కదల్చవలెనన్న సూత్రం చెక్కుచెదరలేదు. ఇది ఆసుపత్రికి మాత్రమే పరిమితమైన సూత్రం కాదు. తాటిచెట్టుమీదినుండి జారినవానిని, లోతు తెలియక కాలువలో తలక్రిందుగా దూకినవానిని మన పల్లెలలో తలా ఒక రెక్క పట్టి లేవనెత్తుట, కూర్చోబెట్టి నీళ్లు త్రాగించుట తరచు కనబడే దృశ్యం. పాము తెగకుండా మిగిలిన మెడ కూడా ఆ దయగల చేతులలోనే తెగిపోవచ్చును. సాయం వచ్చేదాకా తలనూ మెడనూ కదలనీయక పట్టియుంచుటయే అప్పటికి చేయదగిన ఉత్తమ సేవ అని ప్రతి విద్యార్థీ తెలిసియుండదగును.

ప్రాణం నిలిచిన తరువాత వ్యాయామ చికిత్స ఆరంభమయ్యేది. చచ్చుబడిన ప్రతి కీలునూ బిగిసిపోకుండా దినదినమూ కదలించేవారు. ఆరవ నాడి మిగిలిన రోగి మణికట్టు పైకెత్తితే, చలనం లేని వ్రేళ్లు వాటంతట అవే ముడుచుకొంటాయి; ఆ కొద్దిపాటి పట్టుతో చెంచా పట్టుట నేర్పవచ్చును. గుట్‌మన్ ముఖ్యంగా ఆధారపడినది వీపును పరచుకొనియున్న వెడల్పాటి కండరంమీద. ఆ కండరానికి నాడి మెడనుండి వస్తుంది. దాని కొస మాత్రం క్రింద కటిభాగంలో అంటుకొనియుంటుంది. అంటే వీపులో వెన్ను విరిగినవాని శరీరంలో బ్రతికియున్న పైభాగానికీ, చచ్చుబడిన క్రిందిభాగానికీ అది వంతెన. రోగిని నిలువుటద్దం ఎదుట కూర్చోబెట్టి, తన నీడను చూచుకొంటూ ఒరగకుండా నిలుచుట నేర్పేవారు. కొన్నాళ్లకు అద్దం తీసివేసినా అతడు నిలబెట్టుకొనేవాడు. పోయిన స్పర్శజ్ఞానానికి బదులు ఆ కండరం వార్త తెచ్చేది.

కాని మనిషికి కండరం చాలదు, ఉత్సాహం కావలెను. చక్రాల కుర్చీలలోని సైనికులు కర్రలతో బిళ్లను కొడుతూ ఆటలాడుట గుట్‌మన్ గమనించినాడు. ఆటలో వారు తమ దుఃఖం మరచినారు; వ్యాయామమని చెప్పకుండానే వ్యాయామం జరిగినది. బంతి విసరుట, బాస్కెట్‌బాల్, విలువిద్య చికిత్సలో భాగమైనవి. విల్లు లాగుటకు కావలసినది భుజాల బలమే గనుక, ఆ ఒక్క ఆటలో కుర్చీలోనివాడు నిలబడినవానితో సమానుడు. 1948 జూలై 29వ తేదీన లండన్‌లో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన దినాననే, స్టోక్ మాండెవిల్ పచ్చికమీద 16 మంది స్త్రీపురుషులు చక్రాల కుర్చీలనుండి విలువిద్యలో పోటీపడినారు. 1952లో హాలండునుండి ఒక జట్టు రాగా ఆ పోటీలు అంతర్జాతీయమైనవి. 1960లో రోములో, ఒలింపిక్ క్రీడలు ముగిసిన వెంటనే, 23 దేశాలనుండి 400 మంది పాల్గొన్నారు. నేడు పారాలింపిక్స్ అని పిలువబడే క్రీడలకు అదే నాంది. 1965 యుద్ధంలో వెన్నులో తూటా మిగిలిన భారత సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో, హైడెల్‌బెర్గ్‌లో, ఈతలో స్వర్ణపతకం గెలిచినది ఆ క్రీడలలోనే.

పతకాలు గుట్‌మన్‌కు పరమావధి కాదు. తన రోగి ఇల్లు చేరి, పనిచేసి, సంపాదించి, అందరివలె పన్ను కట్టే పౌరుడు కావలెనన్నది ఆయన కోరిక. అందుకే వార్డుల ప్రక్కనే వడ్రంగపు పనీ, గడియారాల మరమ్మతూ నేర్పించినాడు. 1966లో బ్రిటిషు రాణి ఆయనకు సర్ బిరుదమిచ్చినది. 1976లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. ప్రాణభయంతో ఇంగ్లండు చేరిన మనిషి ఆ దేశపు గాయపడిన బిడ్డలకు ప్రాణదాత అయి, 1980 మార్చి 18వ తేదీన గుండెజబ్బుతో కన్నుమూసినాడు.

పారాలింపిక్ జ్యోతిని 2014నుండి స్టోక్ మాండెవిల్‌లో కూడా వెలిగిస్తున్నారు. ఆ వెలుగులో పతకవిజేతలతోపాటు 1917నాటి ఆ గని కార్మికుడూ గుర్తుకు రావలెను. అతని వివరాలు వ్రాయుటయే వృథా అని పెద్దలు అన్నారు. ఆ వ్రాతను మధ్యలో విడువలేకపోయిన ఒక యువకుని పట్టుదలయే తరువాత వేలమందికి బ్రతుకైనది.